కెబారు ఒడ్డున, శబరి ఒడ్డున

ధ్యాన భాగము: యెహెజ్కేలు 3:12–17

దేవుని మహిమను కన్నులార చూచిన ప్రవక్తకు మొట్టమొదట చూపబడిన దారి ఒక మారుమూల ఊరికి పోవు దారి. యెహెజ్కేలు గ్రంథపు చుట్టను తినెను. అది అతని నోటికి తీయగా నుండెను. అంతట ఆత్మ అతని నెత్తి కొనిపోయెను. కొనిపోయినది యెరూషలేము ఆలయమునకు కాదు, బబులోను రాజవీధులకును కాదు. కెబారు నది యొద్దనున్న తేలాబీబు అను ఊరికి. అక్కడ అతని కొరకు సభ కూడియుండలేదు, వేదిక కట్టబడలేదు. స్వదేశము నుండి పెరికివేయబడి వచ్చిన తన జనులు మాత్రము ఉండిరి. అతడు వారి మధ్యకు పోయి ఏడు దినములు నోరు మెదపక కూర్చుండెను.

ప్రసంగములలో ఈ వచనము సాధారణముగా ఒక మెట్టువలె వాడబడును. మూడవ అధ్యాయపు మొదటి భాగములోని దర్శనము నుండి, పదునేడవ వచనములోని కావలివాని పిలుపునకు పోవు ప్రసంగికుడు దీనిమీద కాలు మోపి దాటిపోవును. ఏడు దినములు ఒక్క వాక్యములో గడచిపోవును. వాటిని గడపినవారికి అవి ఒక్క వాక్యమంత చిన్నవి కావు.

ఆ ఊరి సంగతి కొంత తెలిసికొనుట మేలు. క్రీ.పూ. 597లో నెబుకద్రెజరు యెహోయాకీను రాజును, అతనితోకూడ అధిపతులను, పనివాండ్రను, యాజకులను చెరపట్టి కొనిపోయెను. అటుతరువాత చెర కాలములోని అయిదవ యేట, అనగా 593లో, యెహెజ్కేలునకు పిలుపు కలిగెను. కెబారు అనునది మహానది కాదు. నిప్పూరు ప్రాంతపు పొలములకు నీరు పారించిన కాలువ. 1893లో నిప్పూరు త్రవ్వకములలో దొరికిన మురాషూ కుటుంబపు మట్టిపలకలు క్రీ.పూ. అయిదవ శతాబ్దపు లెక్కల పత్రములు. ఆ కాలువ పేరును, అనేకులైన యూదుల పేళ్లును వాటిలో కనబడుచున్నవి. 2014లో ప్రచురింపబడిన మరికొన్ని పలకలలో ‘యూదా పట్టణము’ అని అర్థమిచ్చు ఒక పల్లె పేరు కలదు. వాటిలో మిక్కిలి పాతది క్రీ.పూ. 572 నాటిది. పన్నులు, బార్లీ, ఖర్జూరములు, అప్పులు, ఒప్పందములు, ఇవే ఆ పలకలలోని సంగతులు. ఏడ్పు ఎక్కడను లేదు. లెక్కలు వ్రాయువారు ఏడ్పును వ్రాయరు; దానికొక కీర్తన కావలసి వచ్చినది.

తేలాబీబు అను పేరును ఊరక దాటిపోరాదు. అక్కాదు భాషలో తిల్ అబూబి అనగా జలప్రళయపు దిబ్బ. పూర్వమెప్పుడో వరద ముంచి పాడుచేయగా మిగిలిన మట్టిదిబ్బలను ఆ దేశస్థులు అట్లు పిలిచెడివారు. ఎజ్రా గ్రంథములో చెరనుండి తిరిగి వచ్చినవారి పట్టికలో తేల్మెలహు, తేల్హర్షా అను పేళ్లు కలవు, అవియు దిబ్బలే. పాడుపడిన నేలను మరల సాగులోనికి తెచ్చుటకు, ఓడిపోయిన జనులను తెచ్చి అక్కడ దింపుట ఆ సామ్రాజ్యముల పద్ధతి. అయితే హెబ్రీ చెవికి ఆ పేరు మరియొక విధముగా వినబడును. ఆబీబు అనగా పచ్చి వెన్ను, వెన్నులు తీయు మాసము. వరద దిబ్బను పచ్చి వెన్నుల దిబ్బగా పలికిన ఆ నోళ్లలో చేదు నవ్వుండెనో, ఆశ యుండెనో చెప్పుట కష్టము. రెండును ఉండియుండవచ్చును.

మూలములో ‘యాషబ్’ అను ఒకే క్రియ ఈ వచనమును నడిపించుచున్నది. తెలుగులో దానికి ఒకచోట కాపురముండుట అనియు, మరియొకచోట కూర్చుండుట అనియు చెప్పక తప్పదు. అనువాదకునికి రెండు మాటలును అవసరమే. కాని ఆ రెండు మాటల నడుమనున్న రక్తసంబంధము తెలుగు చదువరి చెవిని చేరదు. జనులు ఎక్కడ కుదురుకొనిరో అక్కడనే ప్రవక్తయు కుదురుకొనెను, వారి కూర్చుండుట ఎట్టిదో అతని కూర్చుండుటయు అట్టిదే, అని హెబ్రీ మాట చెప్పుచున్నది. వచనపు నడిమి భాగమున లేఖకులు వ్రాసిన అక్షరములు ఒక రీతిగాను, చదువవలెనని వారు అంచున సూచించినవి మరియొక రీతిగాను ఉన్నవి; రేష్ అను అక్షరమునకును బేత్ అను అక్షరమునకును గల భేదమంతే. ఏ పాఠము తీసికొన్నను, వచనాంతమున ప్రవక్త కూర్చున్న సంగతి మారదు. అతని స్థితిని తెలుపు మాటయు గమనింపదగినది. కదలక మెదలక, నిశ్చేష్టుడై యున్న మనిషిని గూర్చి చెప్పు ఆ మాటకు ధాతువు, పాడైన దేశమును, నరసంచారము లేని పట్టణమును గూర్చి ఈ గ్రంథమే మాటిమాటికి వాడునది. పాడైన ఊరి వారిని చూడబోయినవాడు తానే ఒక పాడైన ఊరివలె ఆయెను.

తెలుగు నేలమీద ఇట్టి ఊరిని చూడగోరువాడు గోదావరి వెంబడి పైకి పోవలెను. పాపికొండల విహారమునకు జనులు పడవలెక్కి, కొండల అందమును చూచి, భోజనము చేసి వెనుదిరుగుదురు. భద్రాచల యాత్రికులు గుడి చూచి మరలుదురు. ఈ రెంటికి నడుమ, శబరి గోదావరిలో కలియు చోట, కూనవరము కలదు. రాజమండ్రి నుండి రంపచోడవరము, మారేడుమిల్లి ఘాటు, చింతూరు దాటి వచ్చు దారి యొకటి. భద్రాచలము నుండి ఏటపాక మీదుగా వచ్చునది మరియొకటి. ఒకప్పుడు లాంచీలమీద నదీ మార్గమున వచ్చెడివారు. చూడదగిన స్థలముల పట్టికలో చేర్చుటకు అక్కడ పెద్ద కట్టడమేదియు లేదు. ఒరిస్సా కొండలలో కొలాబు అను పేరుతో నడచి, సీలేరును కలుపుకొని వచ్చిన శబరి నీరు తేటగా నుండును. వర్షకాలపు గోదావరి ఎర్రగా నుండును. రెండు రంగులు కొంతదూరము ప్రక్క ప్రక్కన పోవును. సంతకు కోయలును కొండరెడ్లును కొండ దిగి వత్తురు. చింతపండు, ఇప్పపువ్వు, వెదురు బుట్టలు, అడ్డాకులు వచ్చును. ఉప్పు, నూనె, ఎండుచేపలు, బట్టలు కొండమీదికి పోవును. వరద తీసిన తరువాత ఒడ్డున మిగులు ఒండ్రులో మిరప తోటలు వేయుదురు. నది పుచ్చుకొనుటయు ఇచ్చుటయు అక్కడివారికి క్రొత్త కాదు.

క్రొత్త కానిది మరియొకటి కలదు. ఈ నేల తాను కదలకయే చేతులు మారుచు వచ్చినది. 1874లో భద్రాచలము, రేకపల్లి ప్రాంతములు మధ్య పరగణాల నుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చబడెను. పోడు సేద్యముపై పన్ను పెరిగెను. 1879లో రంపలో లేచిన పితూరీ రేకపల్లి కొండలకును ప్రాకెను. 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మము జిల్లాకు, 2014లో తెలంగాణ నుండి ఆంధ్రప్రదేశ్‌నకు కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము మండలములు చేర్చబడెను. ప్రతిమారును కారణము పైనున్నవారికి తెలిసినది. శబరి ఒడ్డున నాగలి పట్టినవాడు ఒక ఉదయమున లేచి, తన కలెక్టరు వేరొక పట్టణములో కూర్చున్నాడని వినెను.

2014 నాటి మార్పునకు కారణము పోలవరము. ఆ ప్రాజెక్టు పూర్తి నీటిమట్టము 45.72 మీటర్లు, అనగా 150 అడుగులు. ఆ మట్టమునకు నీరు నిలిపినయెడల 370కి పైగా ఆవాసములు మునుగును. లక్షకు పైగా కుటుంబములు లేచిపోవలెనని ప్రభుత్వపు లెక్క. కూనవరము ఆ పట్టికలో నున్నది. 2021 జూన్‌లో నది పాత దారి విడిచి స్పిల్‌వే గుండా మళ్లింపబడెను. మరుసటి సంవత్సరము జూలై 16న భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులకు లేచెను. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తరువాత అంతటి నీటిని ఆ ఒడ్డు చూచి యుండలేదు. కూనవరపు ఇండ్లు మునిగెను. జనులు కొండ వాలులకెక్కి టార్పాలిను గుడ్డల క్రింద వానలో కాలము గడిపిరి. దిగువ కట్టిన కాఫర్ డ్యామువలన నీరు పూర్వమువలె త్వరగా తీయదని ఊరివారు చెప్పుదురు; ఇంజనీర్లు వేరుగా చెప్పుదురు. ఆ వాదమును తీర్చుట ఈ పుటల పని కాదు. అయితే ఊరు విడువవలసిన దినము ఎప్పుడో తెలియక, ఇల్లు కప్పవలెనో వద్దో తెలియక, కొట్టుకొనిపోయిన గోడను తిరిగి పెట్టవలెనో మానవలెనో తెలియక ఏండ్ల తరబడి బ్రదుకుట ఎట్టిదో, ఏ పట్టికలోను ఒక గడి లేదు. పట్టా కలిగిన భూమికి వెల కట్టుదురు. పట్టా లేని పోడునకును, ఏటేట ఇప్పపువ్వు రాల్చు చెట్టునకును, తాత పాతిపెట్టబడిన చోటునకును వెల కట్టుట కష్టము.

ఈ సంగతి డెల్టాలోని సంఘములకు దూరపు వార్త కాదు. 1852లో ఆర్థరు కాటను ధవళేశ్వరపు ఆనకట్టను ముగించిన నాటినుండి ఆ ప్రాంతపు అన్నము గోదావరి నీటితో వండబడినదే. ప్రతి సంవత్సరము కోత పండుగనాడు వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు బలిపీఠము ముందు పేర్చి స్తోత్రము చెల్లించు విశ్వాసి, నీటికి స్తోత్రము చెల్లించుచున్నాడు. ఆ నీరు డెల్టాకు రాకమునుపు కూనవరము మీదుగా వచ్చును. పోలవరము నిండినప్పుడు మరికొన్ని జిల్లాల పొలములును, విశాఖపట్టణపు కుళాయిలును, కృష్ణా డెల్టాయు ఆ నీటినే పొందవలెనని ఏర్పాటు. ఆ మేలును చులకన చేయువాడు ఎండిన చేనును చూడనివాడు. మేలు పొందువాడు, దాని వెల చెల్లించువాని ముఖము చూచెనా అనునదే ప్రశ్న.

ఈ నదిమీద అట్లు ముఖము చూచిన యొకని పేరు పాత సంఘ చరిత్రలో కలదు. కాటను తలపెట్టిన పై గోదావరి నౌకాయానపు పనికి మొదటి అడ్డు దుమ్ముగూడెము వద్దనున్న రాళ్ల వాలు. అక్కడ ఆనకట్టయు కాలువయు కట్టించుటకు వచ్చిన హేగ్ అను సైనిక ఇంజనీరు, నీటి లోతును కొలుచుచు కోయలను చూచెను. 1860వ దశకములో వారి మధ్య చర్చి మిషనరీ సొసైటీ పని మొదలగుటకు అతడు ప్రేరకుడాయెను. నౌకాయానపు పని 1871లో ఆపివేయబడెను. తలచినట్టు ఓడలు రాలేదు, సంఘము మిగిలెను. తరువాత అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ అను మిషనరీ, 1876 మొదలు ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో భద్రాచలము, రేకపల్లి తాలూకాల ప్రజల ఆచారములను గూర్చి వ్రాసెను. వారి పండుగలను, నమ్మకములను, మాటలను అడిగి తెలిసికొని వ్రాయుటకు ఎంతకాలము వారి అరుగులమీద కూర్చుండవలెనో, అట్టి పని చేసినవారికి తెలియును. ఆ కాలపు మిషనరీల వ్రాతలలో కొండ జనులను చిన్నచూపు చూచు మాటలు లేకపోలేదు. అయినను కూర్చుండి విన్నవాడు వ్రాసినదానికిని, పడవలోనుండి చూచినవాడు వ్రాసినదానికిని భేదము దాగదు.

నేటి సువార్త యాత్రలలో పడవ ఎక్కువ, అరుగు తక్కువ. తెల్లవారి బయలుదేరిన జీపు పది గంటలకు ఊరు చేరును. గుడ్డమీద వ్రాసిన పేరు రెండు చెట్ల నడుమ కట్టబడును. ధ్వనివర్ధకము ద్వారా రెండు పాటలు, ఒక సాక్ష్యము, ఒక ప్రసంగము, దుప్పట్ల పంపిణీ, ఛాయాచిత్రము. మూడు గంటలకు జీపు ఘాటు ఎక్కును, ఏలయనగా చీకటిపడిన తరువాత ఆ దారి మంచిది కాదు. దుప్పటి వెచ్చగానే యుండును, దానిని తృణీకరింపరాదు. అయితే ఆ అయిదు గంటలలో ఊరివారు ఎన్ని మాటలు పలికిరో లెక్కించినవాడు లేడు. ఏడు దినములు ఒక్క మాటయు పలుకని ప్రసంగికుని ఏ సంఘము మరుసటి సంవత్సరపు ఉజ్జీవ కూటములకు పిలుచును?

తెలుగు భాష ఈ విషయములో సంఘముకంటె ముందే యున్నది. చూచుటకు పోవుట వేరు, పరామర్శకు పోవుట వేరు అని అది ఎరుగును. కీడు జరిగిన ఇంటికి పరామర్శకు పోయినవాడు పలకరించి కూర్చుండును. అడుగుటకు మాటలుండవు, చాపమీద చోటు చేసికొని కూర్చుండుటయే అతని మాట. లేచునప్పుడు, వెళ్లివచ్చెదనని చెప్పరాదని పెద్దలు నేర్పుదురు. ఊరకయే లేచి వచ్చివేయవలెను. యాకోబు తన పత్రికలో నిష్కళంకమైన భక్తిని గూర్చి చెప్పుచు విధవలను, దిక్కులేని పిల్లలను తలచినచోట, తెలుగు అనువాదకులు ఈ పరామర్శ అను మాటనే ఏరుకొనిరి. గ్రీకులో ఆ మాట ‘ఎపిస్కెప్టొమై’. మత్తయి ఇరువదియైదవ అధ్యాయములో రోగిని చూడవచ్చిన నీతిమంతులను గూర్చి వాడబడినది అదే. దేవుడు తన ప్రజలను దర్శించెనని జెకర్యా పాడినప్పుడు వాడబడినది అదే. సంఘాధ్యక్షుని పదవికి గ్రీకులో పెట్టబడిన పేరునకును మూలము అదే ధాతువు. అధ్యక్షుడు అనగానే తెలుగు చెవికి ఎత్తయిన కుర్చీ తోచును. మూలములోని మాటకు, పోయి చూచి శ్రద్ధ వహించువాడు అని అర్థము. కుర్చీ తరువాత వచ్చినది.

ఏడు దినములు తీరిన మీదట యెహోవా వాక్కు ప్రవక్తకు ప్రత్యక్షమై, అతనిని కావలివానిగా నియమించెను. ఆ క్రమమును తారుమారు చేయరాదు. భద్రాచలము వద్ద నీరు 43 అడుగులకు చేరినప్పుడు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇత్తురు. ఆ అంకె లేనియెడల ప్రాణములు దక్కవు. అర్ధరాత్రి కొలత చూచి కబురు పంపు ఉద్యోగి చేయునది కావలివాని పనియే. అయితే అంకె చెవినిబడిన తరువాత ఏ ఇంట నడువలేని ముసలి తల్లి యున్నదో, ఏ కోడలు నిండు చూలాలో, ఎవడు తన ఎడ్లను విడిచి కదలడో, అది కొలబద్దకు తెలియదు. ఆ ఇండ్లలో కూర్చున్నవానికి తెలియును. యెహెజ్కేలునకు నోరు తెరువుమని సెలవు దొరకకమునుపే, ఎవరి నిమిత్తము తెరువవలెనో ఆ ముఖములు ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతని యెదుట నుండెను. తాను హెచ్చరింపనియెడల ఒకని రక్తమునకు ఉత్తరవాది యగునని దేవుడు చెప్పినప్పుడు, ఆ ‘ఒకడు’ అను మాటకు అప్పటికే ఒక పేరుండెను.

అట్లు కూర్చున్నందున జనులందరు అతని మాట వినిరని చెప్పుట సత్యము కాదు. ముప్పది మూడవ అధ్యాయము ఈ విషయములో నిర్మొగమాటముగా నున్నది: వారు గోడలయొద్దను ద్వారములయొద్దను అతని గూర్చియే ముచ్చటించుకొనిరి, అతని యెదుట కూర్చుండిరి, మంచి గాయకుని పాట విన్నట్లు వినిరి, లేచిపోయిరి. వినినదానిని చేసినవారు కొద్దిమందియే. అయినను వారు వచ్చుట మానలేదు. ఎనిమిదవ అధ్యాయములో యూదా పెద్దలు అతని ఇంట అతని యెదుట కూర్చుండిరి. పదునాలుగవ అధ్యాయములో మరల వచ్చి కూర్చుండిరి. ఇరువదియవ అధ్యాయములో మరల. ప్రతిచోట అదే పాత క్రియ, యాషబ్. తరువాత చెర కాలములోని పండ్రెండవ యేట, పదవ నెల అయిదవ దినమున, యెరూషలేము నుండి తప్పించుకొని వచ్చిన ఒకడు కెబారు ప్రాంతము చేరెను. పట్టణము కూలినదను కబురును ఎవనికి చెప్పవలెనో వానికి తెలిసియుండెను. వాడు యెహెజ్కేలు యొద్దకు వచ్చెను.